కౌసత్త గురి

మా తమ్ముడు రవీందర్ ఇంటి గడప దాటుతుండగానే తుపాకి పేలిన చప్పుడు వినిపించి, చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా జారిపోబోయింది. పట్టపగలు, హసన్‌పర్తిలో చెరువుకు పోయే వీధిలో, పక్కింటివాళ్లు వాకిట్లో మిరపకాయలు ఎండబోసుకుంటున్న వేళ తుపాకి ఏమిటని నిలబడిపోయాను. ముందుగదిలో వాడు సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పెద్ద టీవీ. అందులో వాన పడుతున్న ఏదో కొండల దేశం, కూలిన రాతిగోడ, ఆ గోడకు ఆనుకుని పొడుగాటి తుపాకి పట్టుకున్న ఒక మనిషి వీపు. మావాడి చేతుల్లో రెండు కొమ్ములున్న నల్లటి వస్తువు ఒకటి.

"జర ఆగక్కా, మాట్లాడకు. వాడు దగ్గరికొస్తాండు," అన్నాడు నా వైపు చూడకుండానే.

"ఎవడ్రా?"

"అగో, ఆ గుట్ట మీదికెల్లి దిగుతాండు సూడు."

నేను చూసేలోపే మళ్లీ పేలింది. గుట్ట దిగుతున్న మనిషికి ఏమీ కాలేదు. వాడు ఇటు తిరిగి కాల్చాడు, తెర అంతా ఎర్రబడింది. రవీందర్ ఆ వస్తువును ఒళ్లో పడేసి, కుడిచేత్తో ఎడమచేతి వేళ్లను ఒక్కొక్కటే లాగి సాపు చేసుకున్నాడు. "మళ్ల సచ్చిన," అన్నాడు, బస్సు తప్పిపోయిందన్నంత మామూలుగా.

చలికాలంలో వాడికి పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి వచ్చిన కొన్నాళ్లకే మాట తిరిగింది, కర్ర లేకుండా నడవడమూ వచ్చింది. ఎడమచేతి వేళ్లే మాట వినడం మానేశాయి. మా రవి మోటార్లు వైండింగ్ చేస్తాడు. కాలిపోయిన బావి మోటారును విప్పి, పాత రాగితీగ తీసేసి, కొత్త తీగను చుట్లు చుట్లుగా చుట్టే పని. కుడిచెయ్యి తీగను నడిపిస్తుంటే ఎడమచెయ్యి దాన్ని బిగువు తగ్గకుండా పట్టుకోవాలి. ఆ పట్టు పోయింది. షట్టరు దించి ఉన్న షాపు ముందు నుంచి నడిచి వెళ్లడం ఇష్టం లేక వాడు పాలకు కూడా వేరే వీధి గుండా పోతున్నాడని వాడి భార్య పద్మ నాతో చెప్పి కళ్లు తుడుచుకుంది. వాళ్లమ్మాయి ప్రణీత హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు తన పాత గేమ్ మిషన్ తెచ్చి టీవీకి తగిలించి పోయింది. వేళ్లకు పని చెప్పేది ఏదైనా మంచిదేనని ఫిజియోథెరపీ అమ్మాయి కూడా అందట.

నేను సుబేదారి నుంచి వారానికి రెండుమూడుసార్లు వాడిని చూడటానికి వెళ్లేదాన్ని. వెళ్లినప్పుడల్లా ఆ కొండల దేశమే. జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, కథ అంటే ఎక్కడో మొదలై ఎక్కడికో పోవాలని నమ్మినదాన్ని. ఇందులో అలాంటిదేమీ కనిపించలేదు. ఎటు కావాలంటే అటు పోవచ్చునట. గుర్రమెక్కి ఊరికే తిరగవచ్చు, చేపలు పట్టవచ్చు, ఎవరో అడిగిన పని చేసిపెట్టవచ్చు, చేయకుండా ఊరుకోవచ్చు. "ఇండ్ల నువ్వెవరు?" అని అడిగితే "అగో ఆయనే" అన్నాడు. "మరి నీ వీపు నువ్వే చూస్తానవా?" అంటే కాసేపు ఆలోచించి "అవునక్కా, నా ఈపే," అన్నాడు. శత్రువులు ఎవరో, వీళ్లతో వాళ్లకు తగాదా ఏమిటో వాడికీ సరిగ్గా తెలియదు. ఇంగ్లీషులో గబగబా చెప్పారట, అర్థం కాలేదట.

తుపాకుల సంగతి మాత్రం వాడికి బాగా తెలుసు. ఆ మనిషి వీపు మీద ఉన్న తుపాకుల్లో నీళ్లు చల్లినట్టు గుండ్లు చల్లేవి ఉన్నాయి. వాటితో గురి చూడక్కర్లేదు, అటు తిప్పి మీట నొక్కితే చాలు. పిల్లలంతా అవే వాడతారట. వీడు పట్టుబట్టి వాడేది వేరే. "ఇది ప్రిసిషన్ షాట్‌గన్. మామూలు షాట్‌గన్ అయితె రవ్వలు రవ్వలుగ పోతయి. ఇది ఒక్కటే గుండు, సూటిగ పోతది. కాని దూరంకెళ్లి కొడితె తాకది, మరీ మీదికొచ్చినంక కొడితె మళ్ల నింపుకునే యాళ్ల ఉండది. ఎడమ వేలు నొక్కిపట్టి ఉంచాలె. ఉంచుతాంటే ఆ తెల్ల గీర చిన్నగ చిన్నగ అయితది. మంచిగ చిన్నగైనంక కుడి వేలు." అని చూపించాడు. తెర మధ్యలో గాజంత తెల్లటి వలయం చిక్కిపోతూ చిక్కిపోతూ వచ్చింది. అది చుక్కయ్యేలోపు వాడి ఎడమ వేలు వణికి జారింది. వలయం మళ్లీ గాజంత అయింది. అప్పుడు నాకు అర్థమైంది, వాడు సులువైన తుపాకులు వదిలేసి దీన్నే ఎందుకు పట్టుకున్నాడో. ఆ వేలు ఆ మీట మీద అంతసేపు నిలిస్తే, రాగితీగ మీదా నిలుస్తుంది.

"అక్కా, కౌసత్త తుపాకి ఎట్ల పట్టుకునేది? యాదికున్నదా?" అని అడిగాడు ఒకరోజు, ఇంకోసారి చచ్చిపోయి లేచాక.

ఎన్నో ఏళ్లుగా మా ఇద్దరి మధ్య ఆ తుపాకి మాట రాలేదు. అడగగానే ముందు వాసన వచ్చింది నాకు. నర్సంపేట అవతల మా ఊళ్లో, నడిమింట్లో, తాత మంచం పక్క గోడకు రెండు కొయ్యల మీద ఉండేది ఆ తుపాకి. ఒంటి గొట్టం, చేతులు తగిలి తగిలి నున్నబడిన కట్టె. పంటను అడవిపందుల నుంచి కాపాడుకోవడానికి తాతకిచ్చిన లైసెన్సు తుపాకి. వారానికోసారి దాన్ని దించి గోనెసంచి మీద పెట్టి, సన్నటి ఇనుప చువ్వకు నూనెగుడ్డ చుట్టి గొట్టంలో నడిపించేవాడు తాత. ఆ నూనె వాసన, తాత చుట్ట వాసన, పక్కగదిలో ఆరబోసిన మక్కజొన్న కంకుల తీపి వాసన కలిసిపోయి, ఇప్పటికీ ఎక్కడైనా కొత్త తలుపు బందులకు నూనె వేస్తే నాకు ఆకలేస్తుంది. ఎందుకంటే తుపాకి తుడవడం అయ్యాకే మాకు సర్వపిండి పెట్టేవాళ్లు. అడుగు మాడి పెళుసుబారిన చోట ముక్క కోసం నేనూ రవీ కొట్టుకునేవాళ్లం.

తాతకు చూపు మందగించాక తుడిచే పని, పట్టే పని రెండూ మా మేనత్త కౌసల్య చేతికి వచ్చాయి. మేమందరం కౌసత్త అనేవాళ్లం. పెళ్లయి అత్తగారింటికి పోయి, పిల్లలు కలగలేదని భర్త యాదగిరి మామ ఇంకొకామెను చేసుకుంటే పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఎవరి మీదా అరిచేది కాదు, ఎవరి ముందూ ఏడ్చేది కాదు. తెల్లారకముందే లేచి వాకిట్లో సాన్పి చల్లి, పొయ్యి మీద నీళ్లు పెట్టి, అందరూ లేచేసరికి తల బిగించి దువ్వుకుని కూర్చునేది. అన్నం తినేటప్పుడు కంచం అంచున ఒక ముద్ద పక్కకు పెట్టి, అది చివర తినేది. ఎందుకని అడిగితే "నా కోసమే," అనేది. తాత ఆమెకు తుపాకి నేర్పుతూ అనే మాటలు మాకూ కంఠతా వచ్చాయి: దూరం ఉన్నదాన్ని కాల్చొద్దు, దగ్గరికి రానియ్యి, మోచెయ్యి గాలిలో పెట్టకు, ఊపిరి వదిలి సగంలో ఆపు. వానాకాలం మక్క కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి సాయంత్రాలు ఆమె మంచె మీదనే ఉండేది. పంది వస్తే ఎక్కువగా ఆకాశంలోకే కాల్చేది. ఆ చప్పుడుకే పోయేవి. కాల్చి కొట్టిన పందులు తక్కువే. కానీ కొట్టాలనుకున్నది తప్పలేదని తాత పదిమందిలో చెప్పుకునేవాడు.

"మోచెయ్యి మోకాలు మీద ఆనిచ్చేది," అన్నాను రవితో. "నువ్వు గాలిల పెట్టినవ్, అందుకే జారుతాంది."

వాడు మోచెయ్యి దిండు మీద ఆనించాడు. ఈసారి వలయం ఇంకాస్త చిక్కే దాకా వేలు నిలిచింది. గుండు తగల్లేదు కానీ వాడి ముఖం వెలిగింది. ఆ సంతోషంలోనే "యాదగిరి మామొచ్చిన నాడు గూడ అత్త మంచె మీద గట్లనే కూసున్నది గదా, తుపాకి ఒళ్లె పెట్టుకుని," అన్నాడు.

"ఒళ్లో ఎక్కడిదిరా? గురి పెట్టింది కదా."

"గురి పెట్టుడా? మామ మీదనా? లేదక్కా. నేను మంచె మీదనే ఉన్న."

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ సాయంత్రం నాకు దేవుడి పటంలా స్పష్టంగా ఉంది. వాన వెలిసింది. మక్కచేను ఆకుల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. నేను అత్తకు సద్ది తీసుకుని మంచె కింద నిలబడి ఉన్నాను. గట్టు మీద యాదగిరి మామ వస్తున్నాడు, భుజం మీద తువ్వాలతో, చెప్పులు చేతిలో పట్టుకుని. ఆయన వస్తాడని ఊళ్లో అప్పటికే అనుకుంటున్నారు. ఆయన రెండో భార్యకు నెలలు నిండుతున్నాయి, చూసుకోవడానికి ఇంట్లో ఆడదిక్కు లేదు, అందుకని కౌసత్తను తీసుకుపోవడానికి వస్తున్నాడని. అప్పుడు కాదని వదిలేసినదాన్ని, ఇప్పుడు అవసరానికి పిలుచుకుపోవడానికి వస్తున్నాడని మా అమ్మ పొయ్యి ముందు పళ్లు కొరికింది. అత్త తుపాకి ఎత్తింది. ఆయన్ను దగ్గరికి రానిచ్చింది. ఇంకా దగ్గరికి. ఆయన గట్టు మీద ఆగిపోయాడు. చాలాసేపటికి, నెమ్మదిగా, ఎంతో నెమ్మదిగా, తుపాకిని పక్కకు తిప్పి పైకెత్తి దించుకుంది. తర్వాత మంచె దిగి ఆయనకు నీళ్లిచ్చింది. కొద్దిరోజులకు ఆయనింటికి పోయి ఆ రెండో భార్యకు పురుడు పోసి, బిడ్డకు నెలలు వచ్చేదాకా ఉండి తిరిగి వచ్చింది.

ఆ దించడం మీదనే నేను బతికాను అంటే అతిశయోక్తి కాదు. కొట్టగలిగీ వదిలేసిన మనిషి అని ఎన్ని క్లాసుల్లో చెప్పానో. కాలేజీలో నాకు రావలసిన బాధ్యతను వేరొకరికి ఇచ్చి, పైగా నాకు చేతకాదని నలుగురిలో అన్నప్పుడు, నిలదీయాలని ప్రిన్సిపాల్ ఆఫీసు గది తలుపు దాకా పోయాను. తలుపు మీద చెయ్యి వేసి కౌసత్తను తలుచుకుని వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చి ఏడ్చాను కానీ, గొప్ప పని చేశాననే నమ్మకంతో ఏడ్చాను. ఇప్పుడు వీడేమో తుపాకి ఒళ్లోనే ఉందంటున్నాడు.

"నువ్వు చిన్నోనివి," అన్నాను.

"నువ్వేమన్న పెద్దదానివా? నేను మంచె మీద, నువ్వు కింద. ఎవలకు మంచిగ కనిపిస్తది?"

ఆ మాట నన్ను పట్టుకుంది. వాడు టీ పెట్టుకోవడానికి లేస్తే ఆ నల్లటి వస్తువు నేను తీసుకున్నాను. ఏం నొక్కితే ఏం అవుతుందో తెలియక ఆ మనిషిని గోడకేసి కొట్టించాను, బురదలో చుట్టూ తిప్పాను. చివరికి ఎడమ మీట దొరికింది. తుపాకి లేచింది. ఆ మనిషి వీపు, భుజం, భుజం మీదుగా గొట్టం, గొట్టం చివర ఎవరో చిన్నగా. నా జ్ఞాపకంలో ఉన్న బొమ్మ ఇదే. కౌసత్త వీపు, భుజం మీద కొంగు, గొట్టం, గొట్టం చివర యాదగిరి మామ. కానీ నేను మంచె కింద నిలబడ్డాను. కింద ఉన్నదానికి ఆమె వీపు వెనక నుంచి ఎట్లా కనిపిస్తుంది? మంచె వెనక ఎవరు ఉండగలరు, గాలి తప్ప? మరి ఆ బొమ్మ నాకు ఎవరిచ్చారు? చెప్పీ చెప్పీ నేనే గీసుకున్నానా? అప్పుడు నేను నిజంగా చూసింది ఏది? ఎంత వెనక్కి పోయి చూసినా, సద్ది గిన్నె మీద కట్టిన గుడ్డ ముడి, దాని మీద పాకుతున్న చీమ, ఇవే కనిపిస్తున్నాయి.

ఆ ఆదివారం కౌసత్తే వచ్చింది. ఎనభై దాటిన మనిషి, రవిని చూడాలని నర్సంపేట నుంచి ఆటో మాట్లాడుకుని, తోడు సుజాతను తీసుకుని. సుజాత అంటే యాదగిరి మామ రెండో భార్య కూతురు, కౌసత్త తన చేతులతో పురుడు పోసిన పిల్ల. ఇప్పుడామె కూడా మనవలున్న మనిషే. తల్లీ తండ్రీ పోయాక కౌసత్తను తన ఇంటికి తెచ్చుకుని ఏళ్లుగా చూసుకుంటోంది. పెద్దమ్మా అని పిలుస్తుంది, కన్నతల్లిలా కసురుతుంది. నన్ను వదినె అంటుంది.

అత్త రవి ఎడమచేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని వేళ్లు వేళ్లుగా వత్తి చూసింది. "సల్లగున్నది," అంది. తర్వాత టీవీ వైపు చూసింది. "ఏందిరా అది?"

రవి సిగ్గుపడుతూనే చూపించాడు. అత్త కళ్లజోడు సర్దుకుని, ఆ కొండల దేశాన్ని, గోడ పక్కన మనిషిని శ్రద్ధగా చూసింది. రవి మోచెయ్యి ఆనించి, ఎడమ వేలు నొక్కిపెట్టాడు. గుట్ట మీద నుంచి ఒకడు దిగుతున్నాడు.

"ఆగు," అంది అత్త. "ఇంకా రాలే. రానియ్యి... ఊపిరి ఇడువు... సగంల ఆపు... ఇగ."

పేలింది. గుట్ట దిగుతున్నవాడు వెనక్కి పడిపోయాడు. రవి కేక పెట్టి లేచి నిలబడబోయి, కాలు తూలి మళ్లీ కూర్చున్నాడు. "తాకింది! అక్కా, ఏలు నిలిచింది సూసినవా! జారలే!" వాడి కళ్లలో నీళ్లు. నాకూ వచ్చాయి.

అత్త మాత్రం తెరలో పడి ఉన్నవాడినే చూస్తోంది. "ఆయినె ఏం జేసిండు బిడ్డా?"

"ఎవలు?"

"ఆ పడిపోయినాయినె. ఏం తప్పు జేసిండు?"

రవి మళ్లీ తెర వైపు తిరిగి చూశాడు. "తెల్వదత్తా," అన్నాడు.

సుజాత వంటింట్లో పద్మతో కలిసి చాయ్ పెడుతోంది. గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేనని అనిపించింది. "అత్తా, యాదగిరి మామ నిన్ను తీసుకపోనీకి వచ్చిన నాడు, నువ్వు మంచె మీద ఉన్నవ్ కదా," అన్నాను. "తుపాకి ఒళ్లోనే ఉన్నదని రవి అంటాడు. గురిపెట్టి దించినవని నేనంటాను. ఏది నిజం?"

అత్త చేతి సంచిలో నుంచి తమలపాకు తీసి, తుడిచి, సున్నం రాయకుండా మళ్లీ సంచిలో పెట్టేసింది.

"రవి గొంగట్ల పండుకున్నడు," అంది. "వానకు సలివెడుతాందని నేనే కప్పిన. వానికేం తెల్వది."

రవి చేతిలోని ఆ నల్లటి వస్తువును పక్కన పెట్టాడు, అత్త నా వైపు తిరిగింది.

"ఇగ నువ్వు చెప్పేది... ఎత్తిన. గురి పెట్టిన. అంతవరకు నిజమే. దించలే బిడ్డా. కాల్చిన."

తెర మీద ఆ కొండల దేశంలో వాన పడుతూనే ఉంది, అత్త దాన్నే చూస్తూ చెప్పింది.

"మంచెకు పైన తాటాకు పాతదైంది. తూటాల సంచి తడిసింది. నాకు తెల్వలే. నొక్కితె టక్కుమన్నది, అంతే. పేలకపాయె. ఆయినెకు ఇనవడ్డది. గట్టు మీద అట్లనే నిలబడ్డడు. ఉరకలే, ఏమనలే."

"మరి మెల్లగా దించినవ్ కదత్తా. నేను చూసిన. ఎంత మెల్లగా..." అన్నాను.

"పేలని తూటా ఒక్కోపారి జరసేపు ఆగి పేలుతది. తాత చెప్పిండు. గొట్టం ఎవల దిక్కు ఉంచొద్దు, ఆకాశం దిక్కు తిప్పి ఆగాలె. గందుకే మెల్లగ దించిన. నువ్వు కింద ఉంటివి కద, నీకు తాకుతదేమోనని భయమైంది."

ఇన్నేళ్లు నేను క్షమ అని చెప్పుకున్నది ఇదా? ఆ నెమ్మది ఆయన కోసం కాదు, నా కోసం. "తర్వాత?" అన్నాను.

"తర్వాత ఏమున్నది. 'నీళ్లున్నయా' అన్నడు. దిగి ఇచ్చిన. తాగిండు. ఆ ముచ్చట ఆయినె ఎత్తలే, నేను ఎత్తలే. సచ్చేదాక ఎత్తలే."

"మరి కాల్చినదానివి, మళ్ల ఆ ఇంటికే పురుడు పోయనీకి ఎట్ల పోయినవత్తా?" రవి అడిగాడు. వాడి గొంతులో కోపం లేదు, నాకున్న అయోమయమే ఉంది.

అత్త నిజంగానే ఆలోచించింది. జవాబు దాచుకుంటున్నట్టు కాదు, వెతుక్కుంటున్నట్టు. "ఏమో బిడ్డా. అది పేలకపాయె. పేలకపోయినంక ఇగ ఏం జెయ్యాల్నో తెల్వలే. ఆమెకు నొప్పులొస్తయంటే పోయిన. పిల్ల అడ్డం తిరిగి ఉండె. నేను పోకుంటె తల్లీ పిల్లా దక్కకపోదురు. గది గూడ నిజమే. ఇది గూడ నిజమే. నాకైతె రెండిటికి పొత్తు కుదరది."

అప్పుడే సుజాత చాయ్ గ్లాసులతో వచ్చింది. ఎంతసేపటి నుంచి తలుపు పక్కన ఉందో తెలియదు. "పెద్దమ్మా, చక్కెర తక్కువేసిన. ఊకే ముఖం మాడ్చకు," అంటూ గ్లాసు అత్త చేతిలో పెట్టి, వేడికి కాలకుండా కొంగు మడిచి గ్లాసు కింద పెట్టింది. నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. ఆ తాటాకు కొత్తదై ఉంటే ఈ కొంగు మడిచే చేతులకు తండ్రి లేడు, తల్లి కాన్పుకు కౌసత్త లేదు. బహుశా ఈ చేతులే లేవు. రవి తల వంచుకుని తన ఎడమచేతిని చూసుకుంటున్నాడు.

చాయ్ తాగాక అత్త మళ్లీ టీవీ వైపు తిరిగింది. "రవీ, ఇండ్ల తూటాలు తడుస్తయారా? గంత వాన పడతాంది."

"తడవయత్తా. ఎంత వాన పడ్డా పేలుతనే ఉంటయి."

"ఎన్నడు తప్పయా?"

"తప్పయి."

అత్త గ్లాసు కింద పెట్టింది. "అట్లయితె పైలం బిడ్డా," అంది.

సాయంత్రం ఆటో వచ్చింది. రవి గేటు దాకా నడిచి వచ్చి, ఎడమచేత్తో అత్త సంచి అందుకోవాలని ప్రయత్నించి, అందుకున్నాడు కూడా. అత్తను ఎక్కించి, సుజాత చెప్పులు సర్దుకుంటూ వెనకబడింది. నా దగ్గరికి వచ్చి, అత్తకు వినపడనంత మెల్లగా అంది, "నాకు తెలుసు వదినె. నాయిన పానం పోయే ముందుగాల చెప్పిండు. నీ పెద్దమ్మ నన్ను కాల్చింది, పేలలేదు, ఆమె జాగల నేనుంటె నేను గూడ గట్లనే కాలుస్తుంటి, ఆమెను ఇడవకు అన్నడు."

"మరి నీకు తెలుసని ఆమెకు చెప్పలేదా?"

"ఆమెనే చెప్తదేమో అని సూస్తాన," అంది సుజాత. "చెప్పకున్నా మంచిదే. చెప్తె మాత్రం నేనేమనాల్నో నాకింకా తెల్వది." ఆటో ఎక్కి అత్త భుజం చుట్టూ చెయ్యి వేసి కూర్చుంది.

రవి ఇప్పుడు షాపు షట్టరు ఎత్తి పొద్దంతా కాకపోయినా ఒక పూట కూర్చుంటున్నాడు. చిన్న ఫ్యాన్ మోటార్లు చుడుతున్నాడు, బావి మోటార్లకు ఇంకా చెయ్యి చాలదు. ఆట ఆడుతున్నాడు, కానీ గుర్రమెక్కి కొండల్లో తిరగడమే ఎక్కువ. తుపాకి తీస్తే ముందు గుట్ట దిగేవాడిని కాసేపు చూస్తాడట, వాడేం చేశాడో ఏమైనా తెలుస్తుందేమోనని. తెలియదట.

ఇక నేను. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి చుట్టూ, పంచుకోని విషయం ఒక్కటి పెట్టుకుని అత్తా సుజాతా ఒకరినొకరు సాకుతూ ముసలివాళ్లయ్యారు. మేమైతే ఉదయం లేచింది మొదలు దగ్గినా తుమ్మినా ఫోనులో అందరికీ చెప్పుకుంటాం, అయినా మా అపార్ట్‌మెంట్‌లో ఎదురు తలుపు వాళ్ల కోడలు ఎందుకు వెళ్లిపోయిందో ఎవరికీ తెలియదు. ఆనాటిది గొప్పదని రాయాలని కూర్చుంటాను, రాయబుద్ధి కాదు. ఈనాటిది మేలని రాయాలంటే అదీ రాదు. ఆ ఆఫీసు తలుపు దగ్గర నుంచి వెనక్కి తిరగడం తప్పా ఒప్పా అని ఇప్పుడు అడిగితే చెప్పలేను. లోపలికి పోయి నాలుగు మాటలు అనేసి ఉంటే ఏమయ్యేదో. పోయినవారం నర్సంపేటకు ఫోన్ చేశాను. అత్తే ఎత్తింది. సుజాతకు తెలుసునని చెప్పేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది. "ఏం బిడ్డా, ఏదో చెప్పనీకే చేసినట్టున్నవ్," అంది అత్త. ఏం లేదత్తా, ఊరికే, అన్నాను. అత్త, "సుజాత పక్కనే ఉన్నది, మాట్లాడుతవా?" అని ఫోను ఆమెకిచ్చింది. ఇద్దరం అట్లాగే ఫోను పట్టుకుని, వెనక నుంచి వస్తున్న కౌసత్త దగ్గు వింటూ ఉండిపోయాం.